ఊరి మీది ఆకాశానికి హద్దులు
(పాఠకుల ప్రశ్నలకు ఒక విశ్రాంత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ జవాబులు)

మొదట గన్నవరం టవర్‌లో, తర్వాత చెన్నై ఏరియా కంట్రోల్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం విమానాశ్రయాల పక్క పల్లెల నుంచే వచ్చాయి. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

*ప్రశ్న: మాది కోరుకొండ మండలం. డ్వాక్రా సంఘం తరఫున శిక్షణ తీసుకుని, పొలాలకు మందు కొట్టే డ్రోన్ నడుపుతున్నాను. మధురపూడి విమానాశ్రయం దగ్గరి ఊళ్ల రైతులు కూడా పిలుస్తున్నారు. పటంలో చూస్తే ఆ పొలాలు ఎరుపు, పసుపు రంగుల్లో ఉన్నాయి. నా డ్రోన్ వరి చేను మీద పది అడుగుల ఎత్తు కూడా దాటదు. అంత ఎత్తులో పోయే విమానానికి నేనెలా అడ్డమవుతాను?*
ఒక డ్రోన్ పైలట్, తూర్పు గోదావరి జిల్లా

అమ్మా, మీరు అడిగినదాంట్లో న్యాయం ఉంది. అందుకే ముందు లెక్క చెబుతాను.

దిగే విమానం సాధారణంగా మూడు డిగ్రీల వాలులో వస్తుంది. రన్‌వే అంచు దాటేటప్పుడు దాని ఎత్తు దాదాపు 50 అడుగులు. అక్కడి నుంచి వెనక్కి లెక్క కడితే 2 కిలోమీటర్ల దూరంలో సుమారు 400 అడుగులు, 5 కిలోమీటర్ల దూరంలో సుమారు 900, 8 కిలోమీటర్ల దూరంలో 1,400 అడుగులు. మన దేశంలో 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయానికి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 200 అడుగులకు తగ్గుతుంది, అంతకు మించితే పసుపు జోన్. ఇంకా లోపలికి వస్తే నేల నుంచే అనుమతి కావాలి. పటంలో సాధారణంగా మొదటి 5 కిలోమీటర్లు ఎరుపు, అక్కడి నుంచి 8 వరకు పసుపు. ఈ దూరాలను విమానాశ్రయం ప్రహరీ నుంచి కొలుస్తారు. టెర్మినల్ భవనం నుంచి కొలిచి బయట ఉన్నామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. మధురపూడి రన్‌వేను పొడిగించి 3 కిలోమీటర్లు దాటించారు కాబట్టి ఆ పొరపాటు అక్కడ పెద్ద తేడానే తెస్తుంది.

ఇప్పుడు మీ పది అడుగుల సంగతి. అంతా సవ్యంగా సాగినంతసేపూ మీ డ్రోన్ వరి కంకుల మీదే ఉంటుంది. రిమోట్‌తో సంబంధం తెగితే ఏం చేస్తుందో మీకు శిక్షణలో చెప్పే ఉంటారు. చాలా డ్రోన్లు ముందుగా అమర్చిన ఎత్తుకు తమంతట తాము లేచి, బయలుదేరిన చోటుకు తిరిగి వస్తాయి. చెట్లు, కరెంటు తీగలు తగలకుండా ఉండాలని ఆ ఎత్తును చాలామంది వంద అడుగులకో అంతకంటే పైకో అమరుస్తారు. పది అడుగుల్లో ఉన్న యంత్రం మీ ప్రమేయం లేకుండా వంద అడుగులకు చేరడానికి కొన్ని సెకన్లు చాలు. పైగా విమానాశ్రయం దగ్గర తక్కువ ఎత్తులో ఎగిరేవి ప్రయాణికుల విమానాలు మాత్రమే అనుకోకండి. హెలికాప్టర్లు పొలాల మీదుగా వస్తాయి. వరదల రోజుల్లో గోదావరి జిల్లాల్లో అవి ఎంత తక్కువ ఎత్తున తిరుగుతాయో మీకు తెలుసు.

టవర్‌లో కూర్చున్న మనిషి వైపు నుంచి కూడా ఒకసారి ఆలోచించండి. మీ డ్రోన్ అతనికి తెరమీద కనిపించదు, రేడియోలో వినిపించదు. దిగబోయే పైలట్ ఒకరు “ఎడమ వైపు ఏదో ఎగురుతోంది” అని చెప్పారంటే, అది పది అడుగుల్లో ఉందో అయిదు వందల్లో ఉందో తేల్చుకునే సాధనం కంట్రోలర్‌కు లేదు. ఆ విమానాన్ని మళ్లీ పైకి పంపించడం ఒక్కటే అతను చేయగలిగేది. 2018 డిసెంబరులో లండన్ గాట్విక్‌లో ఇదే జరిగింది. డ్రోన్ కనిపించిందన్న మాట మీద, క్రిస్మస్ ముందు రోజుల్లో, రన్‌వేను మళ్లీ మళ్లీ మూశారు. దాదాపు వెయ్యి విమానాలు రద్దయ్యాయి లేదా దారి మళ్లాయి, సుమారు 1,40,000 మంది ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఆ డ్రోన్ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. అక్కడ ఏ విమానాన్నీ ఏదీ గుద్దలేదు. ఎక్కడుందో తెలియని వస్తువు ఒకటి ఉందన్న అనుమానమే అంత పని చేసింది.

కాబట్టి మీరు చేయవలసింది ఇది. ఏ రైతు పిలిచినా ముందు పొలం స్థానాన్ని ఫోనులో గుర్తించి, డిజిటల్ స్కై (డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన వెబ్‌సైటు) పటంలో పెట్టి చూడండి. ఆ పని ప్రతిసారీ చేయండి, ఎందుకంటే పటాన్ని మారుస్తుంటారు. పసుపు జోన్‌లో ఉంటే తేదీ, సమయం, గరిష్ఠ ఎత్తు రాసి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అనుమతికి ముందుగా దరఖాస్తు చేయండి. ఎరుపులో ఉంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రోన్ లేపకండి. ఆ చేనుకు వీపు స్ప్రేయర్ మనిషినే పంపమని రైతుకు సూటిగా చెప్పండి. తిరిగి వచ్చే ఎత్తును మీ పొలాల్లోని చెట్లకు సరిపడా మాత్రమే అమర్చుకోండి. మీ డ్రోన్ బరువు 2 నుంచి 25 కిలోల మధ్య తరగతిలోది అయి ఉంటుంది. దాని యూఐఎన్ (ప్రతి డ్రోన్‌కూ విడిగా ఇచ్చే గుర్తింపు) నంబరు, మీ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ నకలు ఎప్పుడూ వెంట ఉంచుకోండి. నిబంధన తప్పితే లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. సంఘం అప్పు కట్టుకుంటున్న ఇంటికి అది చిన్న మొత్తం కాదు.

ఇంకొక మాట పై అధికారులు చదవాలని రాస్తున్నాను. మహిళా సంఘాల చేతికి డ్రోన్లు ఇవ్వడం మంచి పని. నమో డ్రోన్ దీదీ పథకం లక్ష్యమే 15,000 సంఘాలు. అయితే ఆ డ్రోన్లు ఎగరకూడని చోట్లు చూపించే పటం వెబ్‌సైటులో, ఇంగ్లీషులో ఉంటే ఎలా? విమానాశ్రయానికి 12 కిలోమీటర్ల లోపు ఉన్న ప్రతి పంచాయతీ ఆఫీసు గోడ మీదా, ప్రతి రైతు సేవా కేంద్రంలోనూ సర్వే నంబర్లతో తెలుగు పటం వేలాడాలి. పసుపు జోన్‌లోని పొలాలకు సీజన్ మొత్తానికీ కలిపి, విమానాలు లేని గంటల్లో, పది అడుగుల ఎత్తుకు ఒకే అనుమతి ఇచ్చే పద్ధతి రావాలి. ఉదయం మంచు తడి ఆరగానే మందు కొట్టాలి, ఎండ ముదిరితే ఆ రోజుకు పని పోయినట్టే. రైతు అవసరం గంటల్లో ఉంటుంది. అనుమతి కూడా అదే వేగంతో రావాలి.

*ప్రశ్న: గన్నవరంలో రన్‌వే చివరి నుంచి సరిగ్గా కిలోమీటరు దూరంలో మాకు స్థలం ఉంది. అయిదు అంతస్తులు వేద్దామంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తెమ్మంటున్నారు. నా స్థలం మీది ఆకాశం నాది కాదా?*
ఒక గృహస్థు, కృష్ణా జిల్లా

మీ ఇల్లు కట్టుకోవడానికి కావలసిన ఆకాశం మీదే. అంతకు పైన దేశానిది. 1944 నాటి షికాగో ఒప్పందం మొదటి అధికరణే ప్రతి దేశానికి తన గగనతలంపై పూర్తి అధికారం ఇచ్చింది. విమానాశ్రయం చుట్టూ 20 కిలోమీటర్ల వరకు కట్టడాల ఎత్తును నియంత్రించే అధికారం మన చట్టంలో ఉంది. ఎంత ఎత్తు, ఎవరిని అడగాలి అన్న వివరాలు 2015 నాటి ఎత్తు పరిమితుల నిబంధనల్లో ఉన్నాయి.

మీ స్థలానికి లెక్క వేద్దాం. పెద్ద రన్‌వే చుట్టూ ఊహలో ఒక అంచులు లేచిన పళ్లెం ఉంటుంది. 4 కిలోమీటర్ల వరకు అది చదునుగా, విమానాశ్రయం మట్టానికి 45 మీటర్ల పైన ఉంటుంది. అక్కడి నుంచి నూటికి 5 వంతున లేస్తుంది. అందుకే రన్‌వేకు పక్కవాటుగా తగినంత దూరంలో ఉన్నవాళ్లకు 45 మీటర్ల భవనం దాకా ఇబ్బంది ఉండదు. మీ స్థలం రన్‌వే కొసకు సూటిగా ఉంటే కథ మారుతుంది. రన్‌వే అంచుకు 60 మీటర్ల అవతల నుంచి నూటికి 2 వంతున లేచే వాలు ఒకటి మొదలవుతుంది. దాన్ని ఏదీ పొడుచుకుని పైకి రాకూడదు. మీ దూరం 1,000 మీటర్లు. 60 తీసేస్తే 940, అందులో నూటికి 2 అంటే 18.8 మీటర్లు.

అయిదు అంతస్తులకు 15 మీటర్లు, పునాది మట్టం, పైన మెట్ల గది, లిఫ్టు గది, నీళ్ల ట్యాంకు కలిపితే 19 దాటుతుంది. ఎన్‌ఓసీలో ఇచ్చే ఎత్తు సముద్ర మట్టం నుంచి కట్టడం చిట్టచివరి కొన వరకు. టీవీ యాంటెన్నా, మెరుపు కడ్డీ కూడా అందులోకే వస్తాయి. మీ నేల రన్‌వే కొస కంటే 2 మీటర్లు మెరకలో ఉందనుకోండి, మీకు మిగిలేది 16.8 మీటర్లే. అందుకే దరఖాస్తుకు స్థలం అక్షాంశ రేఖాంశాలతో పాటు నేల మట్టం ధ్రువపత్రం కూడా అడుగుతారు. ఆ కొలతలు మంచి సర్వేయర్‌తో తీయించండి. అక్కడ అర మీటరు తప్పితే మీ ట్యాంకు మీదికి వస్తుంది.

నేను చెప్పింది ఒక్క వాలు లెక్క మాత్రమే. టేకాఫ్ దారి, విమానాలకు దారి చూపే పరికరాలు, రాడార్ లాంటివాటికి వేరే లెక్కలుంటాయి. వాటిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన ఎత్తే మీకు వర్తిస్తుంది. కట్టడాల ఎత్తులకు వేరే రంగుల పటం ఉంది (డ్రోన్ల పటం కాదు). అందులో మీ స్థలం ఎరుపు కాని గడిలో ఉంటే అక్కడ చూపిన ఎత్తు వరకు స్థానిక సంస్థే ప్లాను మంజూరు చేయవచ్చు, ఎన్‌ఓసీ అవసరం రాదు. ఎరుపులో ఉంటే నోకాస్ అనే ఆన్‌లైన్ విధానంలో దరఖాస్తు చేయండి. భవనాల ఎన్‌ఓసీ 8 ఏళ్లు చెల్లుతుంది. ఇచ్చిన ఎత్తు అన్యాయమనిపిస్తే అప్పీలు కమిటీ ఉంది. నా సలహా: నాలుగు అంతస్తులతో ఆగండి, లేదా ట్యాంకును కిందికి మార్చి ప్రెషర్ పంపు పెట్టుకోండి. ముందు కట్టేసి తర్వాత చూద్దామనే మేస్త్రీ మాట మాత్రం వినకండి. అడ్డంగా ఉన్న కట్టడాలను తొలగించడానికి 1994 నుంచి ప్రత్యేక నిబంధనలున్నాయి.

*ప్రశ్న: మా ఊరి మీదుగా చాలా ఎత్తులో విమానాలు పోతుంటాయి. వాటిని కడప టవర్ నియంత్రిస్తుందా? “నియంత్రిత గగనతలం” ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది?*
బీఎస్సీ విద్యార్థిని, కడప

లేదమ్మా. 35,000 అడుగుల్లో పోయే విమానంతో కడప టవర్‌కు మాట కూడా ఉండదు. దేశం మీది ఆకాశాన్ని ఢిల్లీ, ముంబయి, కోల్‌కతా, చెన్నై అని నాలుగు పెద్ద విమాన సమాచార ప్రాంతాలుగా పంచారు. మీ ఊరు చెన్నై పరిధిలోది. ఎగువ దారుల్లో పోయేవాటిని ఏరియా కంట్రోల్ చూస్తుంది. టవర్ చేతిలో ఉండేది విమానాశ్రయం చుట్టూ నేల నుంచి కొంత ఎత్తు వరకు ఉండే భాగం. దాన్ని కంట్రోల్ జోన్ అంటారు. దిగే విమానాన్ని పై కంట్రోలర్ ఒక ఎత్తు దాకా దించి, ఫలానా ఫ్రీక్వెన్సీలో టవర్‌ను పిలవమని చెప్పి అప్పగిస్తాడు. ఆ అప్పగింత ఎక్కడ, ఏ ఎత్తులో, ఎవరి బాధ్యత ఎప్పుడు ముగుస్తుంది అన్నది రెండు యూనిట్ల మధ్య ముందే రాతపూర్వకంగా ఉంటుంది.

గగనతలానికి ఏ నుంచి జీ వరకు ఏడు అంతర్జాతీయ తరగతులున్నాయి. మన దేశంలో విమానాశ్రయాల చుట్టూ ఉండేది సాధారణంగా డీ తరగతి. అందులోకి రావాలంటే రేడియో ఉండాలి, ముందుగా క్లియరెన్స్ తీసుకోవాలి, 10,000 అడుగుల లోపు వేగం 250 నాట్లు (గంటకు సుమారు 460 కిలోమీటర్లు) మించకూడదు. పరికరాల ఆధారంగా వచ్చే రెండు విమానాల మధ్య దూరం ఉంచే బాధ్యత కంట్రోలర్‌ది. కళ్లతో చూస్తూ ఎగిరే చిన్న విమానానికి, పెద్ద విమానానికి మధ్య మాత్రం కంట్రోలర్ సమాచారం ఇస్తాడు: “ఉత్తరం వైపు ఆరు మైళ్లలో ఏటీఆర్ విమానం వస్తోంది” అని. చూసి తప్పుకోవలసిన పని పైలట్‌దే. అందుకే కళ్లతో ఎగరడానికి కనీసం 5 కిలోమీటర్ల దూరం కనిపించాలని నిబంధన పెట్టారు.

రాడార్ తెర లేని టవర్‌లో పని ఎలా ఉంటుందో చెబితే నీకు బాగా అర్థమవుతుంది. ఒక్కో విమానానికి ఒక్కో కాగితపు స్ట్రిప్. పైలట్ చెప్పిన స్థానం, ఎత్తు, వచ్చే సమయం దాని మీద రాసుకుని, వరస మార్చుకుంటూ, ఆకాశాన్ని మనసులో చూడాలి. ఒకదానిపై ఒకటి ఉంటే మధ్య వెయ్యి అడుగులు. కింది విమానం ఎత్తు వదిలానని చెప్పేదాకా పైదాన్ని దించకూడదు. అందరూ చెప్పింది నిజమైతేనే, చెప్పిన ఎత్తులోనే ఉంటేనే ఆ చిత్రం నిలుస్తుంది. ఆ లోపల చెప్పకుండా దూరిన ఒక్కటి చాలు, చిత్రం మొత్తం తప్పవుతుంది.

ఒక ఎత్తు తప్పితే ఏమవుతుందో 1996 నవంబరు 12న చర్ఖీ దాద్రీ దగ్గర దేశం చూసింది. ఢిల్లీ నుంచి లేచిన సౌదీ విమానానికి 14,000 అడుగులు, దిగుతున్న కజకిస్థాన్ విమానానికి 15,000 అడుగులు కేటాయించారు. రెండోది 15,000 దగ్గర ఆగలేదు. 349 మంది చనిపోయారు. ఢిల్లీకి అప్పట్లో వచ్చే, పోయే పౌర విమానాలకు ఒకే దారి ఉండేది. ఆ తర్వాత దారులు వేరుచేశారు, విమానం దగ్గరపడితే పైలట్‌ను హెచ్చరించే పరికరాన్ని తప్పనిసరి చేశారు. నా తరం కంట్రోలర్లు ఎత్తు చెప్పిన ప్రతిసారీ పైలట్ తిరిగి చదివింది చివరి అంకె వరకు విని గాని ఊపిరి పీల్చుకోకపోవడానికి ఆ సాయంత్రమే కారణం.

బీఎస్సీలో భౌతికశాస్త్రం, గణితం ఉన్నాయా? ఉంటే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ జూనియర్ ఎగ్జిక్యూటివ్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండు. ఇంగ్లీషు స్పష్టంగా మాట్లాడటం ఇప్పటి నుంచే సాధన చెయ్యి. ఎంపికైనవాళ్లకు ప్రయాగ్‌రాజ్, హైదరాబాద్, గోందియాల్లో శిక్షణ ఉంటుంది.

*ప్రశ్న: తిరుమల కొండ మీదుగా విమానాలు పోతున్నాయని వింటే బాధగా ఉంటుంది. రేణిగుంట కంట్రోలర్లు ఆపలేరా?*
ఒక భక్తురాలు, తిరుపతి

తల్లీ, మీ బాధను నేనూ పంచుకుంటాను. కానీ కంట్రోలర్‌కు ఆ అధికారం లేదు. ఏ ఆకాశం నిషిద్ధం, ఏది పరిమితం, ఏది ప్రమాదకరం అని ప్రకటించేది కేంద్ర ప్రభుత్వం. ప్రకటించాక దాన్ని పాటించేలా చూడటం వరకే టవర్ పని. రాష్ట్రపతి భవన్ చుట్టూ అలాంటి నిషేధం ఉంది. తిరుమలకు కూడా కావాలని తిరుమల తిరుపతి దేవస్థానం కేంద్రాన్ని కోరింది.

ఇందులో ఉన్న చిక్కు చెబుతాను. విమానాశ్రయానికి పడమరగా సుమారు 20 కిలోమీటర్లలో తిరుమల ఉంది. విమానాశ్రయం చుట్టూ 25 నాటికల్ మైళ్లలో (సుమారు 46 కిలోమీటర్లు) అత్యంత ఎత్తైన అడ్డంకికి కనీసం వెయ్యి అడుగుల పైన ఉండేలా భద్రమైన ఎత్తులను ముందే లెక్కగట్టి పెడతారు. శేషాచలం కొండల వల్ల అటువైపు విమానాలు ఎటూ పైనే ఉండాలి. నిషేధం పెడితే దిగే దారి, లేచే దారి, ఒకసారి దిగలేకపోతే మళ్లీ చుట్టివచ్చే దారి కొత్తగా గీసి, పరీక్షించి, ప్రచురించాలి. కష్టమైన పనే, కానీ అసాధ్యమేమీ కాదు. కొండ మీద ఆగమ నియమాలకు అంత విలువ ఇస్తున్నప్పుడు, కనీసం సాధారణ రాకపోకలనైనా ఆలయానికి దూరంగా నడిపే దారులు గీయాలన్నది నా అభిప్రాయం. వైద్య, విపత్తు హెలికాప్టర్లకు మాత్రం మినహాయింపు ఉండాలి.

*ప్రశ్న: మా ఫంక్షన్ హాలు విమానాశ్రయం రోడ్డు మీద ఉంది. పెళ్లిళ్లలో లేజర్ లైట్లు, ఆకాశ దీపాలు వద్దని పోలీసులు అంటున్నారు. నిజంగా ప్రమాదమా?*
ఒక హాలు యజమాని

నిజంగానే. రాత్రి దిగే పైలట్ కళ్లు చీకటికి అలవాటు పడి ఉంటాయి. రన్‌వే దీపాలను పట్టుకుని చివరి రెండు నిమిషాలు నడిపిస్తాడు. అప్పుడు ఆకుపచ్చ లేజర్ అద్దం మీద పడితే అద్దమంతా వెలుగుతో నిండి బయట ఏమీ కనిపించదు. కళ్లు మళ్లీ సర్దుకునేలోపు నేల వచ్చేస్తుంది. విమానాలకు అపాయం కలిగించే దీపాలను 1937 విమాన నిబంధనలే నిషేధించాయి. ఆకాశ దీపం గాలి ఎటు వీస్తే అటు పోతుంది, దాన్ని వెనక్కి పిలవలేరు.

మీ వంటశాల సంగతి కూడా చెప్పాలి. విమానాశ్రయానికి 10 కిలోమీటర్ల లోపు పక్షులు మూగేలా మాంసం వ్యర్థాలు, చెత్త బయట పోయకూడదని అవే నిబంధనల్లో 91వది చెబుతుంది. ఒక్క గద్ద ఇంజనులో పడితే చాలు. ఎంగిలి విస్తళ్లను మూత ఉన్న డబ్బాల్లో వేయించి, ఆ రాత్రే మున్సిపల్ బండికి ఎక్కించండి. లైటింగ్ కాంట్రాక్టర్‌తో రాసుకునే ఒప్పందంలో కిరణాలు పైకప్పు కింద, లోపలి గోడల మీదే ఉండాలని ఒక వాక్యం చేర్చి సంతకం తీసుకోండి. పెళ్లివారికి హాలు బుక్ చేసే రోజునే ఆ కాగితం చూపించండి.